చేతి మీద గీతలు కనబడినప్పుడు

బెంగళూరు గార్మెంట్స్‌లో మిషను మీద కూర్చునేవాళ్లు, వై.ఎన్. హొసకోటలో మగ్గం నేసేవాళ్లు, తిరుమణి వైపు సోలార్ పార్కులో రాత్రి కాపలా కాసేవాళ్లు, పావగడ హోటళ్లలో తెల్లవారుజామునే పొయ్యి ముట్టించేవాళ్లు: ఇలా పొద్దస్తమానం పనిలో ఉంటూ ఇంట్లో ఈడొచ్చిన బిడ్డ ఉన్న తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. బిడ్డ తన చేతిని తానే కోసుకుంటోందని మీకు తెలిసే సమయానికి మీరు బహుశా డ్యూటీలోనే ఉంటారు. అవ్వ ఫోన్ చేసి ఏడుస్తూ చెబుతుంది. లేదా నెలకొకసారి ఊరికి వచ్చినప్పుడు తల దువ్వుతూ మీరే చూస్తారు. అప్పుడు ఏం చేయాలో ముందే తెలిసి ఉంటే మంచిది.

ముందు చెప్పాల్సిన మాట ఒకటుంది. ‘ఇంట్లో గొడవలు తగ్గనీ, ఆయన తాగుడు మాననీ, అప్పు తీరనీ, అప్పుడు బిడ్డ సంగతి చూద్దాం’ అని ఆగకండి. ఇల్లు చక్కబడేదాకా బిడ్డ ఆగలేదు. ఇల్లు ఎట్లున్నా బిడ్డకు సాయం మొదలుపెట్టవచ్చు. దానికి ఇంట్లో అందరూ ఒప్పుకోనక్కర్లేదు, తిట్టకుండా పక్కన నిలబడే పెద్దమనిషి ఒక్కరుంటే చాలు.

గుర్తులు పెద్దగా ఉండవు. పావగడ ఎండల్లో, మార్చి దాటాక కూడా, నిండు చేతుల చొక్కా విప్పని పిల్ల. మణికట్టు మీద ఎప్పుడూ కట్టే ఉండే చేతిరుమాలు. ఉన్నట్టుండి మోచేతి దాకా వేసుకున్న గాజులు. స్నానాల గదిలో గంటసేపు. మగపిల్లలైతే గోడకు పిడికిలి గుద్దుకోవడం, తల బాదుకోవడం ఎక్కువ. దాన్ని మనం కోపం అనేసి వదిలేస్తాం కాని, అది కూడా ఇదే బాధ. చదువుల్లో ముందుండే పిల్లలకూ ఇది వస్తుంది. ‘మా పాప క్లాసు ఫస్టు, దానికేం తక్కువ’ అనుకుని చూడకుండా ఉండొద్దు.

ఎందుకు చేసుకుంటారు? ‘నలుగురూ చూడాలనే’ అని ఊళ్లో తేలిగ్గా అనేస్తారు. చూడాలనుకునే పిల్ల చొక్కా చేతులు కిందికి ఎందుకు లాక్కుంటుంది? చాలామంది పిల్లలు చెప్పేది వేరు. లోపల భరించలేనంత ఉక్కిరిబిక్కిరి, దాన్ని చెప్పుకునే మాట లేదు, వినే మనిషి లేడు. ఒంటి నొప్పి ఆ ఉక్కిరిబిక్కిరిని కాసేపు వెనక్కి నెడుతుంది. ఆ కాసేపు గడిచాక సిగ్గు, భయం, మళ్లీ అదే ఒత్తిడి. అది అలవాటుగా మారడానికి ఎక్కువ కాలం పట్టదు.

మార్షా లినెహన్ అనే అమెరికా మనస్తత్వవేత్త తనను తాను గాయపరుచుకునేవాళ్ల కోసమే ఒక చికిత్సా పద్ధతిని తయారుచేసింది. డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ అంటారు దాన్ని. 2011లో ఆమె బయటికి చెప్పిన సంగతి ఏమిటంటే, 1961లో తన పదిహేడో ఏట ఆమె కూడా ఇదే బాధతో మానసిక ఆస్పత్రిలో చేరింది. ఒంటి మీద మచ్చలతోనే ప్రొఫెసరయింది, వేలమందికి దారి చూపింది. ఆమె ఒక విషయాన్ని గట్టిగా చెబుతుంది: పిల్లల బాధను ఎప్పటికప్పుడు కొట్టిపారేసే ఇంట్లో ఈ సమస్య పెరుగుతుంది. ‘ఇంతదానికే ఏడుస్తావా’, ‘నీకేం కష్టమొచ్చింది, కష్టమంటే మాది’. ఈ మాటలు మనం రోజూ అంటాం, ప్రేమ లేక కాదు, ఓపిక లేక. పన్నెండు గంటలు బయట ఉండి వచ్చిన మనిషికి ఓపిక ఎక్కడ మిగులుతుంది? అది నాకు తెలుసు. అయినా ఈ ఒక్క సందర్భంలో ఆ మాటలు నోటికి రానీయకండి.

గాయం చూసిన మొదటి క్షణంలో ఎవరికైనా చెయ్యి లేస్తుంది. ఆపుకోండి. కేకలు వేయొద్దు, ‘ఇంకెప్పుడూ చేయనని నా మీద ఒట్టేయి’ అని పట్టుబట్టొద్దు. ఒట్టు వేసిన పిల్ల ఆ తర్వాత మీకు కనబడకుండా చేసుకుంటుంది, అంతే తేడా. ఫొటో తీసి అన్నదమ్ములకు వాట్సాప్‌లో పంపొద్దు. పక్కన కూర్చుని, మీ ఇంటి మాటలోనే, మెల్లగా ఇలా అనండి: “నీ చేతి మీద గీతలు చూసినా కన్నా. తిట్టను, కొట్టను. లోపల శానా కష్టంగా ఉండాదని తెలుస్తాంది. ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు చెప్పు, నేను ఇంటా.” ఆ తర్వాత మీరు మాట్లాడకండి. పిల్ల కూడా వెంటనే ఏమీ చెప్పదు. గోడ కేసి చూస్తుంది, లేచి వెళ్లిపోతుంది. పర్వాలేదు. రాత్రి అన్నం పెట్టేటప్పుడో మరునాడు బస్సు కోసం నిలబడినప్పుడో ఒక ముక్క చెబుతుంది. అప్పుడు వినడానికి మీరు ఉండాలి. బెంగళూరులో ఉంటే రోజూ ఒకే వేళకు ఫోన్ చేయండి. మార్కుల గురించి అడగడానికి కాదు, ఊరికే మాట్లాడటానికి.

గాయాన్ని శుభ్రమైన నీళ్లతో కడిగి, ఉతికిన గుడ్డతో గట్టిగా నొక్కి పట్టండి. లోతుగా ఉన్నా, రక్తం ఆగకపోయినా, బిడ్డ ఏదైనా మింగిందన్న అనుమానం వచ్చినా ఇంటి వైద్యం వద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి. డాక్టరుకు నిజం చెప్పండి. ‘పోలీసు కేసవుతుంది’ అన్న భయంతో కొడవలి తగిలిందనో మెట్ల మీద పడిందనో చెబుతారు. దాంతో గాయానికి కట్టు పడుతుంది, అసలు బాధ అట్లనే ఇంటికి తిరిగొస్తుంది. ఆస్పత్రి వాళ్లు రాసుకోవడం, ఒక్కోసారి పోలీసులు వచ్చి అడగడం ఉండొచ్చు. కాని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షను ప్రకారం, ప్రాణం తీసుకోబోయిన మనిషిని కూడా తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే చూడాలి, శిక్షించకూడదు. అట్లాంటివాళ్లకు వైద్యం, ఆసరా అందించే బాధ్యత ప్రభుత్వానిది. చికిత్స వివరాలను గోప్యంగా ఉంచాలని కూడా ఆ చట్టమే చెబుతుంది.

కోసుకునే పిల్లలందరూ చావాలనుకోరు. కాని కొందరికి ఆ ఆలోచన ఉంటుంది, అడగకుండా తెలియదు. “చచ్చిపోవాలనిపిస్తాందా నాయనా?” అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. దానికి ఆధారం లేదని వైద్యులు చెబుతున్నారు. అవునంటే ఆ రాత్రి ఒంటరిగా పడుకోనీయకండి.

ఇంట్లో పురుగుమందు ఉంటే ఈరోజే తీసేయండి. చెనక్కాయ చేను ఉన్న ఇళ్లలో మందు సీసా గడప పక్కనో, గాదె వెనకో, పశువుల కొట్టంలోనో ఉంటుంది, తాళం ఉండదు. ఆవేశం చాలాసార్లు నిమిషాల్లో దిగిపోతుంది. ఆ నిమిషాల్లో సీసా చేతికి అందకపోతే బిడ్డ బతుకుతుంది. శ్రీలంక అత్యంత ప్రమాదకరమైన పురుగుమందులను 1990లలో ఒక్కొక్కటిగా నిషేధించాక, 2005 నాటికి అక్కడి ఆత్మహత్యల రేటు దాదాపు సగానికి పడిపోయింది. తమిళనాడులో, 1986లో చెన్నైలో ‘స్నేహ’ సంస్థను మొదలుపెట్టిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ బృందం, కాట్టుమన్నార్‌కోయిల్ ప్రాంతపు పల్లెల్లో బ్యాంకు లాకర్ల తరహాలో పెట్టెలు పెట్టి, రైతులందరి మందులనూ ఒక్కచోట తాళం వేసి ఉంచే పద్ధతిని ప్రయత్నించి చూసింది. మీ ఊళ్లో అట్లాంటిది లేకపోయినా, చేను దగ్గర ఒక ఇనుప పెట్టె, ఒక తాళం, మీ నడుముకు తాళంచెవి: ఇది మీ చేతుల్లో ఉంది. అవ్వ తాతల బీపీ, షుగరు, నిద్ర మాత్రలు కూడా బీరువాలోకి వెళ్లాలి.

ఇక ఎవరి దగ్గరికి వెళ్లాలి? మొదట ఫోన్. 14416, టెలీ మానస్. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, బెంగళూరు నిమ్హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం. డబ్బు పడదు, రాత్రి రెండింటికైనా పలుకుతారు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే పావగడ పిల్లలకు ఇందులో ఒక సౌకర్యముంది, భాష ఎంచుకోవచ్చు. మనసులోని మాట ఏ భాషలో వస్తుందో ఆ భాషే ఎంచుకోనీయండి. బిడ్డ మాట్లాడనంటే మీరే చేసి, ‘మా పాప ఇట్లా చేస్తాంది, నేనేం చేయాల’ అని అడగండి. ఆ ఫోన్ నైట్ డ్యూటీ బ్రేకులో కూడా చేయవచ్చు.

తర్వాత మనిషిని మనిషి చూడటం. మానసిక వైద్యుడు వారంలో ఒకరోజు, ఎక్కువగా మంగళవారం, తాలూకా ఆస్పత్రికి వచ్చే ‘మనోచైతన్య’ కార్యక్రమం కర్ణాటకలో ఉంది. పావగడలో ఏ రోజు, ఎన్ని గంటలకు అన్నది ఆశా కార్యకర్తను అడిగి బయలుదేరండి, ఒక పూట కూలి వృథా కాకుండా ఉంటుంది. పది నుంచి పంతొమ్మిదేళ్ల పిల్లల కోసమే ‘స్నేహ క్లినిక్’ అని ప్రభుత్వ ఆస్పత్రుల్లో నడుస్తుంది. సంగతి పెద్దదైతే నిమ్హాన్స్. అక్కడ పిల్లలకూ ఈడొచ్చినవాళ్లకూ ప్రత్యేక విభాగం ఉంది. ఆధార్, బీపీఎల్ కార్డు, పాత చీటీలు తీసుకుని పొద్దున్నే చేరుకునేలా వెళ్లండి, అత్యవసరమైతే ఏ వేళైనా చూస్తారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి దేశంలో నమూనాగా నిలిచింది మన రాష్ట్రంలోని బళ్లారే, 1980లలో. మన జిల్లాలోనే తురువేకెరె తాలూకాలో నిమ్హాన్స్ డాక్టర్లు ఏళ్ల తరబడి పల్లె రోగులను చూశారు. కాబట్టి ‘ఇదంతా సిటీవాళ్ల జబ్బు’ అనే మాటకు అర్థం లేదు.

గుడికి తీసుకెళ్తామంటారు, తాయెత్తు కట్టిస్తామంటారు. మీ నమ్మకం మీది. శనిమహాత్మ గుడికి వెళ్లిరండి, ఆ దారిలోనే ఆస్పత్రికీ వెళ్లండి. గాలి సోకిందని కొట్టడం, పస్తు ఉంచడం మాత్రం ఒప్పుకోకండి.

సెలవు గురించి. సూపర్‌వైజరుకు మొత్తం కథ చెప్పనక్కర్లేదు. ‘బిడ్డకు ఒంట్లో బాగాలేదు, ఆస్పత్రిలో చూపించాల’ అంటే చాలు, అది అబద్ధం కాదు. ఫ్యాక్టరీలో ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు జమవుతుంది. ఎన్ని మిగిలాయో హెచ్‌ఆర్‌లో ఇప్పుడే కనుక్కోండి, అవసరం వచ్చినరోజు వాదించే ఓపిక ఉండదు. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్‌ఐ కోత పడుతుంటే, మీ మీద ఆధారపడిన పిల్లలకూ వైద్యం వర్తిస్తుంది. బిడ్డ పేరు కార్డులో ఉందో లేదో చూసుకోండి. కుటుంబం ఊళ్లో, మీరు బెంగళూరులో ఉంటే ఆ సంగతి చెప్పి వివరాలు సరిచేయించండి. అపాయింట్‌మెంట్లు నెలల తరబడి సాగుతాయి. సెలవులన్నీ మొదటి వారంలోనే వాడేసి తర్వాత చికిత్స మానేయడం కన్నా, పెద్దమ్మో చిన్నాయనో ఒక్కోసారి తీసుకెళ్లేలా ఏర్పాటు చేసుకోవడం మేలు.

ఇప్పుడు ఇంటి సంగతి. తండ్రి తాగొచ్చి కొడుతుంటే, పిల్లను కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లి మళ్లీ అదే గదిలో పడుకోబెట్టడంతో పని తీరదు. తాగిన రాత్రి ఎక్కడికి వెళ్లాలో పగలే తేల్చుకోండి. మేనత్త ఇల్లో, అమ్మమ్మ ఊరో, పక్కింటి అక్కో. బడిసంచి, ఒక జత బట్టలు అక్కడ ఉంచండి. దెబ్బలు తింటున్న మీకు 181, పిల్లలకు 1098, అప్పటికప్పుడు ప్రమాదమైతే 112. తాగుడు మానాలనుకునే మనిషికి 14446 నంబరుంది. ఆయన మానకపోయినా బిడ్డ చికిత్స ఆగకూడదు.

బిడ్డ బాధకు కారణం ఇంట్లోనో బంధువుల్లోనో ఎవరైనా ఒంటి మీద చెయ్యి వేయడమైతే, అది పెద్దమనుషుల పంచాయితీలో తేల్చే వ్యవహారం కాదు. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు ఫిర్యాదు చేయాలి, దాచడం నేరం. పరువు పోతుందని ఇంట్లోవాళ్లు నోరు నొక్కితే 1098కి మీరే చేయండి. ‘పెళ్లి చేసేస్తే అదే సర్దుకుంటుంది’ అనే మాట కూడా వినిపిస్తుంది. పద్దెనిమిది నిండని పిల్ల పెళ్లి కర్ణాటకలో మొదటి నుంచే చెల్లదని రాష్ట్ర సవరణ చెబుతోంది. ఇక్కడే భరించలేని పిల్ల అత్తగారింట్లో ఇంకెంత భరించాలో ఆలోచించండి.

బడిలో ఒక్క టీచరుకు చెప్పండి, బిడ్డకు నచ్చిన టీచరుకు, బిడ్డను అడిగాకే. హాస్టల్లో ఉంటే వార్డెన్‌కు తెలియాలి. అయితే ‘ఇది ఇట్లాంటి పిల్ల, వేరే పిల్లలు చెడిపోతారు, తీసుకెళ్లండి’ అని పంపేస్తామంటే ఒప్పుకోవద్దు. డాక్టరు చీటీ చూపించి, రాత్రిపూట ఎవరు గమనిస్తారో, ఫోన్ చేసే అవకాశం ఎట్లా ఇస్తారో అడగండి.

చికిత్స మొదలయ్యాక, రెండు మూడు నెలలు బాగుండి, మళ్లీ ఒకరోజు గీత కనబడుతుంది. ‘ఇంత చేసినా మళ్లీ మొదటికొచ్చింది’ అని కుంగిపోవద్దు. ఈ బాధలో అది మామూలే. ఈసారి మీకు చెప్పిందా, దాచిందా? ముందుకన్నా ఎక్కువ రోజులు ఆగగలిగిందా? అవి చూడండి, తర్వాతి అపాయింట్‌మెంటులో డాక్టరుకు చెప్పండి. మందులు రాసి ఉంటే మీ అంతట మీరు ఆపకండి.

నిద్ర పట్టక, మిషను ముందు కూర్చుంటే కళ్లలో నీళ్లు తిరిగి, ఏదీ ఎవరికీ చెప్పుకోలేని స్థితి మీకు వస్తే, అదే 14416కి మీ గురించి మీరు కూడా ఫోన్ చేయవచ్చు. బిడ్డ పేరు చెప్పనక్కర్లేదు.