క్విజ్ ఆటలో గెలిచేదెవరు, నేర్చుకునేదెవరు?

సూరత్ నుంచి ముంబై వైపు వెళ్లే దారిలో, ఉధనా దాటాక వచ్చే రైల్వే స్టేషన్ భేస్తాన్. చుట్టుపక్కల మరమగ్గాల షెడ్లు, అద్దకం మిల్లులు, వాటిలో పనిచేసేవారి ఇళ్లు. తెలంగాణ జిల్లాల నుంచి నేతపని వెతుక్కుంటూ వచ్చి సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నగరపాలక సంస్థ ఇక్కడ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, దుకాణం దగ్గర గుజరాతీ మాట్లాడే పిల్లలు ఈ ప్రాంతంలో మామూలే. ఏ మాధ్యమంలో చదివినా, ఏదో ఒక భాషలో వారి చదివే వేగం కాస్త తక్కువగానే ఉంటుంది.

ఇలాంటి చోట ఒక ఏడో తరగతిని ఊహించుకుందాం. పిల్లలు 40 మంది. చాలా ఇళ్లలో ఉన్నది ఒకటే స్మార్ట్‌ఫోన్, అదీ షిఫ్టుకు వెళ్లిన నాన్న జేబులో ఉంటుంది. బడిలో సైన్స్ టీచర్ దగ్గర ఒక ఫోన్, ఒక ప్రొజెక్టర్ ఉన్నాయి. ఆన్‌లైన్ క్విజ్ ఆటలతో పాఠం చెబితే పిల్లలు ఉత్సాహంగా నేర్చుకుంటారని ఆ టీచర్ విన్నారు. కహూట్, క్విజిజ్, ప్లికర్స్, గూగుల్ ఫారమ్స్ అని పేర్లు చాలానే ఉన్నాయి. వీటిలో దేన్ని ఎంచుకోవాలి?

ముందు అసలు క్విజ్ వల్ల చదువు ఎందుకు నిలుస్తుందో చూద్దాం. అది తెలిస్తే ఎంపిక సులువవుతుంది.

గుర్తు తెచ్చుకోవడమే చదువు

2006లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. విద్యార్థులు ఒక చిన్న పాఠాన్ని చదివారు. తర్వాత దాన్ని ఒకసారి మళ్లీ చదివించారు. మరో పాఠం విషయంలో మళ్లీ చదివించకుండా, గుర్తున్నది కాగితం మీద రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే, మళ్లీ చదివిన పాఠంలో 81 శాతం, గుర్తు తెచ్చుకుని రాసిన పాఠంలో 75 శాతం జ్ఞాపకం ఉంది. చదవడమే మేలనిపించింది. కానీ వారం తర్వాత పరీక్షిస్తే లెక్క తిరగబడింది. మళ్లీ చదివిన పాఠంలో మిగిలింది 42 శాతం, గుర్తు తెచ్చుకుని రాసిన పాఠంలో 56 శాతం.

మెదడులోంచి ఒక విషయాన్ని బయటికి లాగే ప్రయత్నమే దాన్ని గట్టిపరుస్తుందన్నమాట. దీన్ని పరీక్షా ప్రభావం అంటారు. క్విజ్ ఆట చేసే మేలుకు మూలం ఇక్కడే ఉంది. సంగీతం, రంగులు, మార్కుల పట్టిక పిల్లల్ని ఆటలోకి రప్పిస్తాయి. కానీ ప్రతి పిల్లవాడూ తనంతట తాను ఆలోచించి జవాబు వెతుక్కున్నప్పుడే పాఠం మనసులో నిలుస్తుంది. కాబట్టి ఏ సాధనాన్ని చూసినా మనం అడగాల్సిన ప్రశ్న ఒకటే. ఇది తరగతిలో అందరికీ ఆలోచించే అవకాశం ఇస్తోందా?

నాలుగు సాధనాలు, నాలుగు పద్ధతులు

కహూట్ నార్వేలో పుట్టింది. అక్కడి ఎన్‌టీఎన్‌యూ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఆల్ఫ్ ఇంగే వాంగ్ పరిశోధన దీనికి ఆధారం. 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. మామూలుగా ప్రశ్న పెద్ద తెర మీద కనిపిస్తుంది. పిల్లలు తమ చేతిలోని ఫోన్ లేదా ట్యాబ్‌లో ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ గడుల్లో ఒకదాన్ని నొక్కుతారు. అందరూ ఒకే ప్రశ్నను ఒకేసారి ఎదుర్కొంటారు. ఎంత త్వరగా నొక్కితే అన్ని ఎక్కువ మార్కులు.

క్విజిజ్ 2015లో బెంగళూరులో మొదలైంది. 2025 నుంచి దాని పేరు వేగ్రౌండ్. ఇందులో ప్రశ్న, జవాబులు రెండూ పిల్లల చేతిలోని తెర మీదే కనిపిస్తాయి. ఎవరి వేగంతో వారు ముందుకు వెళ్లవచ్చు. గడియారాన్ని పూర్తిగా ఆపేసే వీలూ ఉంది. అయితే సాధారణ పద్ధతిలో ఆడాలంటే ప్రతి ఒక్కరికీ ఒక పరికరం కావాలి.

ప్లికర్స్‌లో పిల్లలకు ఫోన్ అక్కర్లేదు. నలుపు తెలుపు గుర్తులున్న కాగితపు కార్డులు చాలు. ఒక్కో కార్డుకు ఒక్కో అంకె, నాలుగు అంచుల మీద నాలుగు జవాబుల అక్షరాలు ఉంటాయి. ఎంచుకున్న జవాబు పైకి వచ్చేలా పిల్లలు కార్డు పట్టుకుంటారు. టీచర్ తన ఫోన్ కెమెరాను తరగతి మీదుగా తిప్పితే ఎవరు ఏ జవాబు చూపారో నమోదవుతుంది. ప్రతి కార్డు గుర్తూ వేరు కాబట్టి పక్కవాడిని చూసి కాపీ కొట్టడం కష్టం.

గూగుల్ ఫారమ్స్‌లో ఆట హంగులు లేవు. కానీ ప్రతి తప్పు జవాబుకూ వివరణ జతచేయవచ్చు. సాయంత్రం నాన్న ఇంటికొచ్చాక ఆ ఒక్క ఫోన్‌లోనే తీరిగ్గా చేసుకునే ఇంటిపనికి ఇది సరిపోతుంది.

పదికి పది, అయినా వెనకే

వేగానికి మార్కులిస్తే ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. కహూట్ లెక్క ఇలా ఉంటుంది. జవాబుకు పట్టిన సమయాన్ని ప్రశ్నకు ఇచ్చిన సమయంతో భాగించాలి. వచ్చినదాంట్లో సగాన్ని ఒకటిలోంచి తీసేసి, 1000తో గుణించాలి. జవాబు తప్పయితే సున్నా.

ప్రశ్నకు 20 సెకన్లు ఇచ్చారనుకుందాం. ఒక అమ్మాయి 4 సెకన్లలో సరైన జవాబు నొక్కితే 900 మార్కులు. మరో అమ్మాయి ప్రశ్నను కూడబలుక్కుని చదివి, ఆలోచించి, 18వ సెకనులో సరైన జవాబే నొక్కితే 550. ఇలా పది ప్రశ్నలు సాగాయనుకోండి. మొదటి అమ్మాయి మూడు తప్పులు చేసి, ఏడింటికి త్వరగా సరైన జవాబులిస్తే ఆమెకు 6,300. రెండో అమ్మాయి పదికి పదీ సరిగ్గా చెప్పినా 5,500. పాఠం పూర్తిగా వచ్చిన పిల్ల పేరు పట్టికలో కిందికి పోయింది!

ఇక్కడ కొలిచింది సైన్స్ జ్ఞానాన్ని మాత్రమే కాదు, చదివే వేగాన్ని కూడా. ఇంటి భాష ఒకటి, పుస్తకం భాష మరొకటి అయిన పిల్లలకు ఈ నష్టం ఎక్కువ. ఇలా రెండు మూడు సార్లు జరిగితే, ఆ అమ్మాయి ఆలోచించడం మానేసి గబుక్కున ఏదో ఒక రంగు నొక్కడం అలవాటు చేసుకోవచ్చు. అప్పుడు పరీక్షా ప్రభావం పనిచేయదు.

అలాగని కహూట్ పనికిరాదనుకోవద్దు. వాంగ్, రబైల్ తాహిర్ 2020లో 93 అధ్యయనాలను సమీక్షించి, అది చదువుకూ, తరగతి వాతావరణానికీ మేలు చేయగలదని తేల్చారు. సమయం ఒత్తిడి, ఇంటర్నెట్ ఇబ్బందులు, తెర మీది ప్రశ్న చదవడంలో కష్టం వంటి సమస్యలనూ అదే సమీక్ష నమోదు చేసింది. ఒత్తిడికి మందు టీచర్ చేతిలోనే ఉంది. ప్రశ్న సమయాన్ని 240 సెకన్లకు పెంచితే, అదే ఇద్దరి మధ్య 350 మార్కుల తేడా సుమారు 30కి పడిపోతుంది.

మన తరగతికి ఏది?

భేస్తాన్‌లో మనం ఊహించుకున్న తరగతికి కాగితపు కార్డులే మొదటి ఎంపిక. ఒక్క ఫోన్‌తో 40 మందీ జవాబివ్వగలరు. ఫోన్ లేని పిల్లవాడు ఎవరి పక్కనో కూర్చుని చూస్తూ ఉండాల్సిన పని లేదు. టీచర్ ప్రశ్నను పైకి చదివి వినిపించవచ్చు, అవసరమైతే రెండో భాషలో మరోసారి చెప్పవచ్చు. అందరి కార్డులూ లేచేదాకా ఆగవచ్చు. కంప్యూటర్ గది ఉన్న బడి అయితే గడియారం ఆపిన క్విజిజ్ బాగుంటుంది. నెలకోసారి సరదాగా, జట్లుగా విడదీసి ఆడించడానికి కహూట్ బాగుంటుంది.

ఇక ప్రశ్న ఎలా ఉండాలి? పిల్లలు రోజూ చూసే వస్త్రాల నుంచే ఒకటి తీసుకుందాం.

ఉతికిన పాలియెస్టర్ చీర నూలు చీర కన్నా త్వరగా ఆరుతుంది. ప్రధాన కారణం ఏమిటి?
ఎ) పాలియెస్టర్ పోగు లోపలికి నీటిని దాదాపు పీల్చుకోదు
బి) పాలియెస్టర్ తనంతట తాను వేడిని పుట్టిస్తుంది
సి) నూలు చీరకు గాలి తగలదు
డి) పాలియెస్టర్ మీది నీరు తక్కువ ఉష్ణోగ్రతకే మరుగుతుంది

సరైన జవాబు ఎ. మామూలు గాలిలో పత్తి పోగు తన బరువులో దాదాపు 8 శాతం తేమను పట్టి ఉంచుకుంటుంది. పాలియెస్టర్ పట్టి ఉంచేది సుమారు 0.4 శాతమే. మిగతా మూడు జవాబులూ పిల్లలు నిజంగా పొరబడే అవకాశం ఉన్నవి. ఎవరు ఏది ఎంచుకున్నారో చూస్తే వారి పొరపాటు ఎక్కడుందో టీచర్‌కు తెలుస్తుంది. డి ఎంచుకున్న పిల్లవాడికి ఆవిరి కావడానికీ మరగడానికీ తేడా మళ్లీ చెప్పాలి.

జవాబులు చీలిపోతే వెంటనే సరైనది చెప్పేయకండి. పక్కవారితో రెండు నిమిషాలు వాదించుకోమని, మళ్లీ కార్డులు ఎత్తమనండి. హార్వర్డ్ భౌతికశాస్త్ర ఆచార్యుడు ఎరిక్ మజూర్ 1991 నుంచి వాడుతూ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. చివర్లో మాత్రం సరైన జవాబును కారణంతో సహా చెప్పి తీరాలి. లేదంటే తాను ఎంచుకున్న తప్పు జవాబే పిల్లవాడి మనసులో పాతుకుపోవచ్చు.

మరో రెండు జాగ్రత్తలున్నాయి. ఇవాళ అడిగిన ప్రశ్నల్లో రెండు మూడింటిని వారం తర్వాత మళ్లీ అడగండి. రోడిగర్ ప్రయోగంలో తేడా బయటపడింది వెంటనే పెట్టిన పరీక్షలో కాదు, రోజులు గడిచాక పెట్టిన పరీక్షల్లోనే. రెండోది, పిల్లల పూర్తి పేర్లు, ఫోన్ నంబర్లు ఏ ఆటలోనూ ఇవ్వకండి. కార్డు అంకె లేదా ముద్దుపేరు చాలు. మన దేశ డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లలోపు వారంతా పిల్లలే. వారి సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి.

ఆట ముగిశాక పట్టికలో మొదట ఉన్న పేరును చూడటం మన అలవాటు. ఈసారి ఆ పట్టిక పక్కన పెట్టి, ఎక్కువ మంది తప్పు చెప్పిన ప్రశ్న ఏదో చూడండి. రేపటి పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.