సిరాచిత్రములలో నిత్యవస్తువులు

చిత్రలేఖనము నభ్యసించు విద్యార్థులు మనుష్యాకృతియందు చూపు శ్రద్ధను దాని ప్రక్కనుండు చిన్న వస్తువులయెడ చూపరు. కుండ, చేతికఱ్ఱ, చాప మొదలగునవి ఖాళీస్థలమును నింపుటకే యున్నవని తలంతురు. అది సరికాదని తెలుపుటకై ఒక చిత్రకారుని కృతులను మేమిచట పరిశీలింపబూనితిమి.

వస్తువు చిహ్నమగుట రెండు విధములు. మొదటిది సంప్రదాయమువలన గలుగును. వీణను చూడగనే సరస్వతి యనియు, పిల్లనగ్రోవిని చూడగనే కృష్ణుడనియు గుర్తింతుము. రెండవది సందర్భమువలన గలుగును. దీనికి జైనుల్ ఆబెదిన్ (1914–1976) సిరాచిత్రములు తగిన యుదాహరణములు.

1942లో బర్మా జపానువారి వశమగుటచే అచటి బియ్యము రాక నిలిచెను. ఆ యేటి అక్టోబరులో గాలివాన మేదినీపుర ప్రాంతపు పైరులను పాడుచేసెను. యుద్ధకాలమున ధరలు మితిమీరి పెరిగెను. 1943లో వంగదేశమున ఘోరక్షామము ప్రబలెను. మృతులు సుమారు 30 లక్షలని పలువురి యంచనా. పల్లెలనుండి కలకత్తా చేరిన దీనులు అన్నము నడుగ సాహసింపక, గంజినీరైన పోయుడని వాకిళ్లయొద్ద యాచించిరి. అచటి ప్రభుత్వ చిత్రకళాపాఠశాలలో ఉపాధ్యాయుడగు ఆబెదిన్ వారిని కుంచెతో, నల్లసిరాతో, చౌకకాగితముపై చిత్రించెను.

ఆ చిత్రములందు వస్తువులు మిక్కిలి కొద్ది. గిన్నె యింటనున్నపుడు భోజనమునకు గుర్తు. వీధిలో పడియున్న వానిచెంత ఖాళీగా నున్నపుడు, అడుగంటిన యాశకు గుర్తు. చెత్తతొట్టి మిగిలినదానిని పారవేయుచోటు. మనుష్యులు దానిలో కూడు వెదకునపుడు, ఒకే నగరమున మిగులు గలవారును ఏమియు లేనివారును గలరని అది సాక్ష్యమిచ్చును. కాకి మనకు నిత్యపరిచితము. కదలని దేహముచెంత వ్రాలినపుడు అదియే మృత్యుచ్ఛాయ. చిత్రకారుడు వీనిని పెద్దవిగా చేయలేదు, అలంకరింపలేదు. వెనుక ఇండ్లను, చెట్లను వ్రాయక కాగితమును విడిచెను. కావుననే మన దృష్టి గిన్నెపై నిలుచును.

ఇట్టి చిత్రముల బలమును పాలకులును గుర్తించిరి. అదే క్షామమునుగూర్చి చిత్తప్రసాద్ 1943లో ప్రకటించిన ‘హంగ్రీ బెంగాల్’ ప్రతులను బ్రిటిషు ప్రభుత్వము పట్టి నాశనము చేయించెను.

విద్యార్థులారా, మీ రెఱిగిన యొక మనుష్యుని, అతని చేతి వస్తువొకదానితో సిరాతో వ్రాయుడు. పిమ్మట ఆ వస్తువును వ్రేలితో మూసి చూడుడు. చిత్రార్థము చెడనిచో అది వట్టి యలంకారము. చెడినచో, అది చిహ్నము.