చెరువు నీరు – ఎగువ నేల

చెరువు నీరు పచ్చబడినపుడు, బావినీటి రుచి మారినపుడు మనము ఆ చెరువునో, ఆ బావినో నిందింతుము. కాని దోషము పెక్కుసారులు అచ్చట పుట్టినది కాదు. ఎగువనున్న పొలములను, గుట్టలను, గనులను, వీధులను మనము వాడుకొను తీరునుబట్టియే దిగువ నీటి గుణము ఏర్పడును.

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు ఎత్తైన రాతినేలలు. ఇచ్చట జీవనదులు లేవు. పూర్వులు వాననీటిని గొలుసుకట్టు చెరువులలో నిలిపి సేద్యము సాగించిరి. ఎగువ చెరువు అలుగు పారి దిగువ చెరువు నిండును. కనుక ఒక ఊరి నేలపై జరిగిన పొరపాటు క్రింది ఊరివారి కడవలోనికి దిగును.

మాలిన్యము చేరు దారులు

మొదటిది మట్టి. వాలువెంబడి దున్నిన ఎర్రనేల, చెట్లు నరికిన గుట్ట తొలివానకే కోసుకొనిపోవును. ఆ మట్టిని అంటుకొని భాస్వరపు టెరువు చెరువును చేరును. దానితో నాచు, గుర్రపుడెక్క ప్రబలును. అవి క్రుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు చచ్చును.

రెండవది నత్రజని. మదనపల్లె సీమ టమాటాకు పేరుపొందినది. మంచి ధర వచ్చునను ఆశతో కొందరు అవసరమునకు మించి యూరియా వేయుదురు. పైరు గ్రహింపని నత్రజని నైట్రేటుగా మారి, నీటిలో కరగి, బోరుబావులలోనికి ఇంకును. త్రాగునీటిలో నైట్రేటు లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణము. మించిన నీటితో పాలపొడి కలిపి పట్టినచో పసిబిడ్డ రక్తము ప్రాణవాయువును మోయు శక్తి కోల్పోయి, దేహము నీలివర్ణము దాల్చవచ్చును. కాచినంత మాత్రమున నైట్రేటు పోదు. నీరు ఇగిరినకొలది అది చిక్కబడును.

మూడవది గనులు, జనావాసములు. గ్రానైటు గనుల రాతిపొడి, పట్టణపు మురుగు, వాగులలో పోసిన చెత్త వానతో కలిసి చెరువునకే చేరును.

పాలారు చెప్పు పాఠము

కర్ణాటకలో పుట్టిన పాలారు కుప్పము సీమమీదుగా తమిళనాడునకు పోవును. అచ్చట వాణియంబాడి, ఆంబూరు ప్రాంతములలోని తోళ్లశుద్ధి కర్మాగారములు శుద్ధిచేయని మురుగును నేలపై, ఏటిలో విడిచినవి. అందువలన సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగనో, పూర్తిగనో సేద్యమునకు పనికిరాకుండ పోయినదని 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పులో పేర్కొనబడినది. కలుషితము చేసినవారే నష్టము భరింపవలెనని ఆ తీర్పు శాసించినది. అయినను, పాడైన నేల తీర్పుతోనే బాగుపడదు గదా!

మనము చేయదగినవి

హంద్రీ–నీవా పథకము క్రింద శ్రీశైలము జలాశయమునుండి ఎత్తిపోసిన కృష్ణాజలము 2025లో కుప్పము చెరువులకు చేరినది. వందల మైళ్లు నడచి వచ్చిన ఆ నీటిని గూడ నిలుపుకొనవలసినది ఈ చెరువులలోనే. కావున వాలునకు అడ్డముగా దున్ని, గట్లు వేయుడు. వాగుల అంచున పచ్చికను, కానుగ చెట్లను పెంచుడు. భూసార పరీక్ష చేయించి, ఎరువును ఒక్కమారుగాక దఫదఫాలుగా వేయుడు. పెంటకుప్పను, మరుగుదొడ్డి గుంటను బావికి దూరముగ నుంచుడు. మందుకొట్టు యంత్రమును బావిగట్టున కడుగకుడు. వేసవిలో చెరువు పూడికమట్టిని పొలములకు తోలుకొనుడు. నీరు, భూమి, చెట్ల పరిరక్షణకై మన రాష్ట్రమున 2002లో చట్టము చేయబడినది; వాగు పోరంబోకు ఆక్రమణను గ్రామసభలో ప్రశ్నించుటకు వెనుదీయకుడు.

ఈ సీమలో పట్టుపురుగులను పెంచు రైతు మల్బరీ ఆకుపై మందు జాడ లేకుండ ఎంతో జాగ్రత్త వహించును. లేనిచో పురుగు చచ్చునని ఆతడెరుగును. పురుగు మేతపై చూపు ఆ శ్రద్ధను మన బిడ్డలు త్రాగు నీటిపై గూడ చూపుట మన విధి.