పది కిలోమీటర్ల దారి పట్టండి

ప్రశ్న: వచ్చే నెల మా కాలనీవాళ్లు సైకిల్ యాత్ర పెడుతున్నారు. 10, 25, 50 కిలోమీటర్ల దారులున్నాయి. నాకు 54 ఏళ్లు. కాసేపు తొక్కితే మోకాళ్లు నొప్పి. వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, నార్సింగి

జవాబు: వెళ్లండమ్మా. 10 కిలోమీటర్ల దారి పెట్టిందే మీలాంటివారి కోసం, సంకోచం వద్దు.

నొప్పికి మీ వయసు కన్నా సీటు ఎత్తే కారణం కావచ్చు. పడిపోతామన్న భయంతో చాలామంది సీటు బాగా దించేస్తారు. దాంతో మోకాలు అతిగా మడిచి తొక్కాల్సి వస్తుంది. గోడ పట్టుకుని కూర్చుని, మడమ పెడల్ మీద పెట్టండి. పెడల్ కిందికి వెళ్లినప్పుడు కాలు దాదాపు నిటారుగా చాగాలి. ఒక్కసారే పెంచకండి, కొంచెం కొంచెంగా పెంచుతూ అలవాటుపడండి. గేర్లుంటే తేలికైనదే వాడండి.

రోజు విడిచి రోజు 20 నిమిషాలు తొక్కండి. మీకు దగ్గర్లోనే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సైకిల్ ట్రాక్ ఉంది. వాహనాల భయం ఉండదు, చాలా మేర సోలార్ కప్పు నీడ కూడా. యాత్ర రోజు హెల్మెట్, నీళ్లు మరవకండి. ముందువాళ్లను అందుకోవాలని మాత్రం పరుగులు పెట్టకండి.

మోకాలు వాచినా, విశ్రాంతి తీసుకున్నా నొప్పి తగ్గకపోయినా ఎముకల డాక్టరుకు చూపించండి. బీపీ, షుగర్, గుండె జబ్బు ఉంటే బయల్దేరే ముందే మీ డాక్టరును అడగండి. తొక్కుతుండగా ఛాతీ పట్టేసినట్లున్నా, కళ్లు తిరిగినా వెంటనే ఆగి 108కి ఫోన్ చేయించండి.