మందు కొట్టని సాళ్లు కొన్ని ఉంచు

రమణా,

మదనపల్లె అంగట్లో టమాటాకు ఒకరు ఒక మందు, ఇంకొకరు ఇంకో మందు చెబుతున్నారని రాశావు. ఏది మేలో నీ చేన్లోనే తేల్చుకో.

అయితే ముందు ఒక మాట: కొన్ని తెగుళ్లకు మందే లేదు. ఆకుముడత వైరస్ తెగులు, తెల్లదోమ మోసుకొస్తుంది. ముడుచుకున్న మొక్కను పీకి పూడ్చెయ్. నారుమడి మీద నైలాన్ వల కప్పు, చేను చుట్టూ ముందుగానే రెండు మూడు సాళ్లు మొక్కజొన్న వెయ్యి. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క రక్షక్ రకం ఆకుముడతను, బాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడు తెగులును తట్టుకుంటుంది. వచ్చే పంటకు అదీ చూడు.

పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి వాలిపోతే కాండాన్ని మొదట్లో కోసి గాజుగ్లాసు నీళ్లలో నిలబెట్టు. కోసిన చోటినుంచి పాలలాంటి దారం కిందికి జారితే అది బాక్టీరియా. బూజు తెగుళ్ల మందు ఎంత పోసినా దానికి పనిచేయదు. ఆ మడిలో మళ్లీ టమాటా, వంగ, మిరప పెట్టొద్దు.

కాయతొలుచు పురుగుకు పదహారు సాళ్లకు ఒక సాలు బంతి ఎరగా వెయ్యి. బంతి నారు 40 రోజులది, టమాటా నారు 25 రోజులది అయితే పూత కలుస్తుంది.

ఇక మందుల సంగతి. చేనుకు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి కొడితే ఏమీ తేలదు. పల్లంలో తేమ ఎక్కువ, గట్టు పక్కన పురుగు ఎక్కువ. అందుకని మూడు చోట్ల, ప్రతి చోటా నాలుగు సాళ్లు ఒక మందుకు, నాలుగు రెండోదానికి ఇచ్చి, ఇంకో నాలుగు ఏమీ కొట్టకుండా వదిలెయ్. తుంపర పక్కకు పడుతుంది కాబట్టి నడిమి రెండు సాళ్లే లెక్కలోకి తీసుకో. కొట్టని సాళ్లు చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, నాకు తెలుసు. అవి లేకపోతే తెగులు మందుతో తగ్గిందో, మబ్బు విడిచి ఎండ కాసినందుకు తగ్గిందో ఎట్లా తెలుస్తుంది?

ప్రతి కోతలో మంచి కాయ, పుచ్చు కాయ వేరుగా తూచి రాసిపెట్టు. మార్కెట్ యార్డులో ధర రోజుకో రకం, కాబట్టి అన్నింటికీ ఒకే ధర కట్టి, మందు ఖర్చు, కూలి తీసేసి చూడు.

మందు కొట్టాక డబ్బా మీద రాసిన గడువు దాటకుండా ఒక్క కాయ కూడా కోయొద్దు. అవి పిల్లలు తినే కాయలు. మొదటి కోత తూకాలు నాకు రాసి పంపు.

నీ పెదనాయన