అభిమానమును విమర్శనమును – "డాక్టర్ హూ" కథామాల చెప్పు పాఠము

"పాత యొక రోత, క్రొత్త యొక వింత" యని మన పెద్దలు చెప్పుదురు. కాని యొక కథను బాల్యమునుండి ప్రేమించినవారి విషయమున నీ సామెత తలక్రిందగును. వారికి పాతయే వింత, క్రొత్తయే రోత. మన గ్రామములలో పద్యనాటకము చూచివచ్చినవారు మరునాడు అరుగులపై గూర్చుండి, నిన్నటి కృష్ణవేషధారిని వెనుకటి కృష్ణవేషధారితో పోల్చి వాదించుకొనుట వినని వారుండరు. అది వట్టి ప్రొద్దుపుచ్చుట యని కొందరందురు. ఆ మాట సరికాదు. తాను ప్రేమించిన దానిని గూర్చి కారణములు చూపి మాటలాడుట యొక విద్య. దాని నేర్చినవాడు పాఠ్యపుస్తకమును, పత్రికను, తోడివాని మాటను సైతము చక్కగా తూచగలడు. దాని నేర్వనివాని ప్రేమ మొండిపట్టుగనో తిట్టుగనో పరిణమించును. ఈ సంగతి తేటపడుటకు ఇంగ్లండున బుట్టిన యొక విజ్ఞానకల్పనా కథామాలను, దాని యభిమానుల చర్చలను ఉదాహరణముగ గైకొందము. దాని పేరు "డాక్టర్ హూ".

కథ పుట్టుక

ఈ కథామాలలోని మొదటి భాగము 1963 నవంబరు 23వ తేదీన బి.బి.సి. టెలివిజనులో ప్రదర్శింపబడెను. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ హత్యకు గురియైన మరునాడది. ఆ దుర్వార్తల నడుమ పలువురు దానిని చూడలేకపోయిరి. కావున మరుసటి శనివారము రెండవ భాగమునకు ముందు మొదటిదానిని మరల ప్రదర్శించిరి. నాటకశాఖాధిపతి సిడ్నీ న్యూమన్ దీనికి మూలపురుషులలో నొకరు. నిర్మాణభారము వహించినవారు వెరిటీ లాంబర్ట్ అను యువతి. మొదటి కథకు దర్శకులు వారిస్ హుస్సేన్. వీరు 1938లో మన దేశమున లక్నో నగరమందు జన్మించినవారు.

కథ యొక పాఠశాలలో నారంభమగును. సైన్సు బోధించు నుపాధ్యాయుడొకడును, చరిత్ర బోధించు నుపాధ్యాయిని యొకతెయు, తమ తరగతిలోని యొక బాలిక యసాధారణ జ్ఞానమునకు వెరగుపడి, ఆమె యింటిజాడ తెలిసికొన బోవుదురు. పాతసామానుల దొడ్డిలో వారికొక పోలీసు టెలిఫోను పెట్టె కనబడును. వెలుపల జూడ నిద్దరు ముగ్గురు నిలువదగినంత. లోపల విశాలమైన యంత్రశాల! అది కాలమునందును ఆకాశమునందును సంచరింపగల నౌక. దాని యధిపతియే డాక్టరు. ఆ బాలికకు తాత. ఉపాధ్యాయులలో నొకరు సైన్సును, వేరొకరు చరిత్రను బోధించువారగుట యాదృచ్ఛికము కాదు. భవిష్యత్తునకు బోయిన కథలవలన సైన్సును, భూతకాలమునకు బోయిన కథలవలన చరిత్రను పిల్లలకు వినోదముతో నేర్పవలెనని మొదటి యుద్దేశము.

మారుచుండు ముఖము

మొదట డాక్టరు పాత్రను ధరించిన విలియం హార్ట్‌నెల్ ఆరోగ్యము క్షీణించెను. నాయకుడు పోయిన కథ నిలుచుటెట్లు? నిర్మాత లొక చక్కని యుపాయము కనుగొనిరి. డాక్టరు భూలోకమునకు జెందినవాడు గాడు. అతని దేహము శిథిలమైనపుడు వేరొక రూపమును దాల్చును. 1966 అక్టోబరున హార్ట్‌నెల్ ముఖము పాట్రిక్ ట్రౌటన్ ముఖముగా మారెను. నాటినుండి నటుడు మారినపు డెల్ల డాక్టరు మారుచునే యున్నాడు. మనిషి యొక్కడే; ఆకారము, మాట, నడక, స్వభావము వేరు. అందుచేత నీ కథలో నభిమానుల చర్చకు ఒక ప్రశ్న యెప్పుడును సిద్ధముగ నుండును: "ఏది మారిన నాతడు మరియొకడగును? ఏది నిలిచిన నాతడే యగును?" ఈ ప్రశ్న మనుష్యునకే గాక గ్రంథమునకు, సంస్థకు, పాఠశాలకు సైతము వర్తించునది.

కథ నిలిచిపోయిన కాలము

1989 డిసెంబరు 6వ తేదీతో ఈ కథామాల యాగిపోయెను. 1996లో వచ్చిన యొక చలనచిత్రము తప్ప, 2005 వరకు టెలివిజనులో క్రొత్త కథామాల రాలేదు. ఆ కాలమున దానిని బ్రదికించినది అభిమానుల సంభాషణమే. 1979లో నారంభమైన వారి పత్రిక యాగలేదు. 1991 నుండి నవలలును, 1999 నుండి శ్రవ్యనాటకములును క్రొత్తగా వెలువడెను.

అంతకు బూర్వమే వారొక మహోపకారము చేసి యుండిరి. వెనుకటి కాలమున బి.బి.సి.వారు టేపులను మరల వాడుకొనుటకై పాత కార్యక్రములను పలుమారు చెరిపివేయుచుండిరి. అందుచేత 1960 ప్రాంతపు భాగములలో ననేకముల దృశ్యము నశించెను. 2013లో నైజీరియా దేశమునుండి తొమ్మిది భాగములు దొరకినట్లు ప్రకటింపబడినపుడు అభిమానుల సంతోషమునకు మేర లేదు. దృశ్యము పోయినను, ఏ యొక్క భాగమునకును ధ్వని పోలేదు. ఏలయన, కొందరు బాలురు, యువకులు తమ యిండ్లలో టెలివిజను పెట్టె చెంత ధ్వనిగ్రాహక యంత్రమునుంచి ప్రతివారమును సంభాషణములను పట్టి దాచిరి. సంస్థ పారవేసినదానిని అభిమాని భద్రపరచెను. నిజమైన అభిమానమునకు మొదటి లక్షణము ఈ శ్రద్ధయే.

పునరుద్ధరణము

2005 మార్చి 26వ తేదీన కథామాల మరల నారంభమయ్యెను. వేల్స్ దేశపు రాజధానియగు కార్డిఫ్ నగరము నిర్మాణస్థానము. ప్రధాన రచయిత రసెల్ టి. డేవిస్ బాల్యమునుండి దీనికి అభిమాని. నాడు మొదటి భాగమును చూచినవారు సుమారు 1 కోటి 8 లక్షలమంది.

పూర్వము ఒక కథ ఇరువదియైదు నిమిషముల భాగములుగ ననేక వారములు సాగెడిది. ప్రతి భాగమును ఆపద నడుమ ముగిసెడిది. ఇప్పుడు నలుబదియైదు నిమిషములలో పెక్కు కథలు పూర్తియగుచుండెను. డాక్టరు తన జాతిలో మిగిలిన యొంటరివాడయ్యెను. అతని వెంట బయలుదేరిన యువతికి ఒక తల్లియు, ఇల్లును, విడిచి వచ్చిన దుఃఖమును గలిగెను. "కథ యొదుగుటకు చోటు చాలలేదు" అని కొందరు వాదించిరి. "కథకు హృదయము వచ్చినది" అని కొందరు బదులిచ్చిరి. ఇరువురి మాటలోను సత్యము గలదు. ఎవరు గెలిచిరని కాక, ఈ మార్పువలన వచ్చిన లాభమేది, పోయిన వస్తువేది యని లెక్క చూచుటయే సరియైన విమర్శనము.

మంచి చర్చకు మూడు ఉదాహరణములు

మొదటిది, నియమమును బట్టి చర్చించుట. 2007 జూన్ 9న ప్రదర్శింపబడిన "బ్లింక్" అను కథను స్టీవెన్ మొఫాట్ రచించెను. ఆ పేరునకు రెప్పపాటని యర్థము. అందు దేవదూతల యాకారము గల ప్రతిమలు గలవు. ఎవరేని చూచుచున్నంతసేపు అవి రాళ్లు. రెప్పవాల్చినచో మెరుపువలె మీదికి వచ్చును. కడపట నాలుగు ప్రతిమలు కాలనౌక చుట్టును జేరగా, నౌక నడుమనుండి మాయమగును. అవి యొండొంటిని చూచుకొని శాశ్వతముగ రాళ్లయిపోవును. కథకుడు పెట్టిన నియమమే కథను ముగించినది! 2010లో నాతడే వ్రాసిన మరియొక కథలో నా ప్రతిమలు కదలుట ప్రేక్షకులకు కనబడెను. వెంటనే చర్చ బయలుదేరెను. "మొదటి కథలో మన కన్నులును చూపులలో లెక్కింపబడెను గదా! ఇప్పుడేల లెక్కకు రావు?" అని యొక పక్షము. "కథలోని వారెవ్వరును చూచుట లేదు, కావున నియమము చెడలేదు" అని రెండవ పక్షము. రేఖాగణితమున స్వీకృతములనుండి ఫలితమును సాధించునట్లే యుభయులును వాదించిరి. కల్పన యైనను తన నియమమునకు తాను బద్ధమై యుండవలెనను సంగతి ఇందు నేర్వదగినది.

రెండవది, పూర్వకథను జ్ఞాపకముంచుకొని చర్చించుట. 2018 నవంబరు 11న వచ్చిన "డెమన్స్ ఆఫ్ ది పంజాబ్" అను కథ వినయ్ పటేల్ రచన. 1947 ఆగస్టున పంజాబు దేశము రెండుగ చీలుచుండగా, ప్రేమ్ అను హిందూ యువకునికిని ఉంబ్రీన్ అను మహమ్మదీయ యువతికిని వివాహము జరుగును. దయ్యములని తోచిన పరలోకవాసులు హంతకులు కారు. దిక్కులేక మరణించువారి చెంత నిలిచి గౌరవము చూపువారు. హింస మనుష్యులనుండియే, వరుని సొంత తమ్మునినుండియే వచ్చును. చరిత్రను మార్చరాదు గనుక డాక్టరు ఆ యువకుని రక్షింపజాలక మరలిపోవును. "ఏమియు చేయలేని నాయకుడు నాయకుడా?" యని కొందరడిగిరి. పాతకథల నెరిగినవారు 1964 నాటి "ది ఆజ్‌టెక్స్" కథను చూపిరి. అందు చరిత్రోపాధ్యాయిని ఒక ప్రాచీనజాతివారి నరబలిని మాన్పింప యత్నించి విఫలురాలగును. క్రొత్తదోషముగ దోచినది కథ మొదటినాటినుండి యున్న లక్షణమే యని దీనివలన తేలినది. దేశవిభజన దుఃఖమును పెద్దలవలన విన్న మనకు ఈ కథ మరింత దగ్గరగ దోచుట సహజము.

మూడవది, కనబడినంతవరకే చెప్పుట. 2025 మే 31న ప్రదర్శింపబడిన భాగము చివర, ఎన్‌కూటీ గాట్వా ధరించిన డాక్టరు రూపము మారి బిల్లీ పైపర్ ముఖము గోచరించెను. ఈమెయే 2005లో డాక్టరు వెంట బయలుదేరిన యువతి పాత్రను ధరించిన నటి. "ఈమెయే క్రొత్త డాక్టరు" అని పలువురు తొందరపడి పలికిరి. కొందరు మాత్రము చివర చూపిన నటుల పట్టికను శ్రద్ధగ జదివి, ఆమె పేరున్నదే గాని "డాక్టరుగా" అను మాట లేదని యెత్తిచూపిరి. వారు సిద్ధాంతము చేయలేదు, సందేహమును నిలిపిరి. సాక్ష్యము చాలనిచోట సందేహమును నిలుపుట గొప్ప గుణము.

ఒక బాలుని వృత్తాంతము

1986లో బి.బి.సి.వారి "ఓపెన్ ఎయిర్" అను కార్యక్రమమున, ఆ యేటి "డాక్టర్ హూ" కథను గూర్చి రచయితలతో మాటలాడుటకు కొందరు అభిమానులను పిలిచిరి. వారిలో పదునారేండ్ల బాలుడొకడు, కథ మెరుగుగ నుండవలసినదని రచయితల యెదుటనే నిర్మొగమాటముగ చెప్పెను. అతని పేరు క్రిస్ చిబ్‌నాల్. కాలము గడచెను. అతడు నాటకరచయిత యయ్యెను. 2018లో వచ్చిన భాగములనుండి ఆ కథామాలకే ప్రధాన రచయిత యయ్యెను! 2020 మార్చి 1న ప్రదర్శింపబడిన కథలో నాతడు డాక్టరు పుట్టుకను గూర్చి పూర్వము లేని వృత్తాంతమును కల్పింపగా, అభిమానులు రెండు పక్షములై తీవ్రముగ వాదించిరి. ఒకనాడు తాను ఇతరులకు చెప్పిన మాటలవంటివే నేడతని చెవిని బడెను.

దీనివలన విమర్శింపరాదని తెలిసికొనవలదు. ఆ బాలుని ధైర్యము మెచ్చదగినది. అతడు రచయితల ముఖము చూచి మాటలాడెను గాని చాటున నిందింపలేదు. అయితే విమర్శించువాడు, "రేపు ఆ కుర్చీలో నేనే కూర్చుండవలసివచ్చిన ఏమి చేయుదును?" అని తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఈ ప్రశ్నను మరువనివాని మాటలో పదునుండును, విషముండదు.

చెడు చర్చ

2017 జూలై 16న డాక్టరు పాత్రను జోడీ విట్టేకర్ అను నటి ధరింపనున్నదని ప్రకటింపబడెను. ఆ పాత్రకు ఒక స్త్రీ నియమింపబడుట అదియే మొదటిసారి. ఆమె కథలు 2018 అక్టోబరు 7న గాని యారంభము కాలేదు. నడుమ నున్న పదునాలుగు నెలలకు పైబడిన కాలమున, ఒక్క కథయైనను చూడకయే కొందరు దూషించిరి, కొందరు పొగడిరి. చూడక దూషించుట యెంత తప్పో, చూడక పొగడుటయు నంతే తప్పు. చదువని గ్రంథమునకు మార్కులు వేయు పరీక్షకుని మన మొప్పుకొందుమా?

విద్యార్థులారా! ఈ వృత్తాంతములనుండి నాలుగు నియమములు గ్రహింపుడు. ఒకటి: చూచిన పిమ్మట, చదివిన పిమ్మట మాటలాడుడు. రెండు: "నచ్చలేదు" అనుటతో నాగక, ఎచ్చట నచ్చలేదో, ఏల నచ్చలేదో చెప్పుడు. మూడు: క్రొత్తదానిని మీ జ్ఞాపకములోని పాతదానితో గాక, నిజముగ నున్న పాతదానితో పోల్చుడు, జ్ఞాపకము దోషములను మరచి గుణములనే దాచును. నాలుగు: కృతిని విమర్శింపుడు, కర్తను, ఎదుటి వాదిని అవమానింపకుడు.

మీ చేతిలోని యీ సంచికలో మీ తోడివారి వ్యాసములును పద్యములును గలవు. పై నియమములను మొదట వానిపై బ్రయోగించి చూడుడు. వ్రాసినవాడు మీ ప్రక్క బల్లపైననే కూర్చుండి యుండును. అతని యెదుట నిలిచి చెప్పగలిగిన మాటయే విమర్శనము. చెప్పలేని మాటను మీలోనే యుంచుకొని, ఆ వ్యాసమును మరియొకమారు చదువుడు.