3.3 వోల్టుల బోర్డు, 5 వోల్టుల పట్టీ

ప్రశ్న: ఈఎస్‌పీ32 బోర్డుతో డబ్ల్యూఎస్2812బీ ఎల్‌ఈడీ పట్టీ నడుపుతుంటే రంగులు పిచ్చిపిచ్చిగా మారుతున్నాయి. ఏ లెవెల్ షిఫ్టర్ కొనాలి?

జవాబు: ముందు రెండింటి గ్రౌండ్ తీగలూ కలిశాయో లేదో చూడాలి. కలిసి ఉంటే లెక్క ఇదీ: 5 వోల్టులతో నడిచే ఈ పట్టీ, డేటా తీగ మీద 3.5 వోల్టులుంటేనే ‘1’ అని ఖాయంగా గుర్తిస్తుంది. బోర్డు ఇచ్చేది 3.3. ఒక్కోసారి అలాగే పనిచేసేస్తుంది కూడా, అసలు చిక్కు అదే!

సిగ్నల్ ఒకే దిక్కున పోతుంది కనుక 74ఏహెచ్‌సీటీ125 చాలు. 5 వోల్టుల సరఫరా ఇచ్చినా 2 వోల్టులనే అది ‘1’గా తీసుకుంటుంది. పంపే చిప్ 1.8 వోల్టులదైతే మాత్రం ఇదీ అందదు; రెండు సరఫరాలుండే 74ఎల్‌వీసీ1టీ45 కావాలి.

ఐ2సీ సంగతి వేరు. అక్కడ సమాచారం ఇరువైపులా నడుస్తుంది కాబట్టి తీగకో బీఎస్‌ఎస్138 మాస్‌ఫెట్, అటూ ఇటూ పుల్-అప్ రెసిస్టర్లు పెడతారు. దిశను తానే పసిగట్టే టీఎక్స్‌బీ0108 ఆకర్షిస్తుంది గానీ ఇక్కడ వద్దు. దాని అవుట్‌పుట్ బలహీనం. పుల్-అప్ 50 కిలోఓమ్‌లకు పైనే ఉండాలి. ఐ2సీలో మామూలుగా వేసేది 4.7.